'పనిచేయదు' అనే ముందు... లినక్స్ లో యు.ఎస్.బి. డ్రైవర్ల సంగతి



ఈ వార్షికోత్సవ సంచికకు "కంప్యూటర్ గురించి ఏదైనా రాయన్నా, ఉద్యోగాల గురించి మాత్రం వద్దు, అవి అందరూ రాస్తున్నారు" అని సంపాదక వర్గం తమ్ముళ్ళు అడిగారు. వాళ్ళ మాట నాకు నచ్చింది. అందుకే ఇంటర్వ్యూలు, ప్యాకేజీలు పక్కన పెట్టి, నాకు బాగా ఇష్టమైన ఒక చిన్న విషయం తీసుకున్నాను. కంప్యూటర్ కి పెన్ డ్రైవో, వెబ్ కెమెరానో తగిలించిన క్షణం నుంచి అది పనిచేయడం మొదలుపెట్టే దాకా లోపల ఏం జరుగుతుంది? పనిచేయకపోతే ఎక్కడ ఆగిపోయింది?

ఇది మనకెందుకు అంటారా? హాస్టళ్ళకు దాతలు, పూర్వ విద్యార్థులు ఇచ్చే పాత కంప్యూటర్లలో చాలావరకు లినక్స్ వేస్తారు. లైసెన్సు ఖర్చు లేదు, పాత మిషన్ల మీద కూడా నడుస్తుంది. వాటితో పాటు ప్రింటరో, కెమెరానో, వైఫై డాంగిలో కూడా వస్తాయి. ఒకరోజు ఎవరో తగిలించి చూస్తారు. తెర మీద ఏమీ కనపడదు. "ఇది లినక్స్ లో పనిచేయదు" అని తీర్పు చెప్పేస్తారు. ఆ వస్తువు స్టోర్ రూములో పాత ట్రంకు పెట్టెల పక్కకు చేరుతుంది. కొత్తది కొనాలంటే మళ్ళీ దాత కోసం ఎదురుచూపు.

కాని 'పనిచేయదు' అనే ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు సంగతులు ఉంటాయి. వస్తువు నిజంగానే కాలిపోయి ఉండవచ్చు. దానికి డ్రైవర్ అసలు ఎవరూ రాసి ఉండకపోవచ్చు. డ్రైవర్ ఉండి కూడా, ఈ వస్తువు నంబరు ఆ డ్రైవర్ జాబితాలో లేకపోవచ్చు. డ్రైవర్ వచ్చి నిలబడినా, దానికి కావలసిన ఒక ఫైలు మన కంప్యూటర్లో లేకపోవచ్చు. కాలిపోయినదాన్ని వదిలేస్తే మిగతావాటిలో చాలావాటికి మందు ఉంది. ఏది ఏదో లినక్స్ తానే చెబుతుంది. వినడం నేర్చుకోవాలి, అంతే.

ముందు రెండు మాటలు స్పష్టం చేసుకుందాం. ఆపరేటింగ్ సిస్టంలో అన్నిటికంటే లోపల, మెమరీని, ప్రాసెసర్ని, పరికరాలను తన చేతిలో పెట్టుకుని నడిపించే భాగాన్ని కెర్నెల్ అంటారు. లినక్స్ అనేది అసలు ఆ కెర్నెల్ పేరే. 1991లో ఫిన్లాండు దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు దానిని మొదలుపెట్టాడు. దాని సోర్స్ కోడ్ ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. మీ దగ్గర ల్యాప్‌టాప్ లేకపోయినా ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అందులో నడిచేది కూడా లినక్స్ కెర్నెలే. ఒక్కొక్క పరికరంతో దాని భాషలో మాట్లాడటానికి కెర్నెల్ పెట్టుకున్న ప్రోగ్రాములే డ్రైవర్లు. కెర్నెల్ సోర్స్ కోడ్ లో సగానికి పైగా డ్రైవర్లే ఉన్నాయంటే ఆశ్చర్యపోకండి.

ఇక యు.ఎస్.బి. దీని మొదటి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. అంతకు ముందు కీబోర్డుకు ఒక రకం సాకెట్టు, మౌసుకు ఇంకొకటి, ప్రింటరుకు రెండంగుళాల వెడల్పు పోర్టు, మోడెంకు మరొకటి. ఈ గందరగోళం పోగొట్టడానికి ఇంటెల్ తదితర కంపెనీలు కలిసి ఒకే సాకెట్టు తయారుచేశాయి. ఇంటెల్ లో ఆ పనికి ముందు నిలిచిన అజయ్ భట్ గుజరాత్ లోని వడోదరలో చదువుకున్న ఇంజనీరు. లినక్స్ విషయానికొస్తే 1999లో లినస్ తానే కూర్చుని యు.ఎస్.బి. కోడ్ కొత్తగా రాయడం మొదలుపెట్టాడు. 2001 జనవరిలో 2.4 కెర్నెల్ వచ్చేనాటికి అది చెప్పుకోదగ్గ స్థితికి చేరింది. తర్వాత చాలా ఏళ్ళుగా గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఈ విభాగాన్ని చూసుకుంటున్నాడు.

ఇప్పుడు అసలు కథ. అడ్మిషన్ల రోజు గుర్తు తెచ్చుకోండి. కొత్త పిల్లవాడు ట్రంకు పెట్టెతో గేటు దగ్గర నిలబడతాడు. వాచ్‌మన్ చూసి వార్డెన్ సారుకి చెబుతాడు. సారు పిలిచే దాకా వాడు నోరు విప్పడు. పిలిచాక కాగితాలు చూస్తారు, రిజిస్టరులో నంబరు వేస్తారు, ఆ తర్వాతే ఏ గదో తేలుతుంది. యు.ఎస్.బి.లో జరిగేది దాదాపు ఇదే.

పాత యు.ఎస్.బి. తీగలో నాలుగు వైర్లు ఉంటాయి. రెండు కరెంటుకి, రెండు సమాచారానికి. సాకెట్టులో ఏమీ లేనప్పుడు సమాచారం వైర్లు రెండూ కింద పడి ఉంటాయి. పరికరం తగిలించగానే దాని లోపల ఉన్న 1.5 కిలో ఓముల రెసిస్టరు ఒక వైరు ఓల్టేజిని పైకి లాగుతుంది. ఏ వైరు పైకి లేచిందన్న దాన్ని బట్టి ఆ పరికరం నెమ్మదిగా మాట్లాడేదా, వేగంగా మాట్లాడేదా అన్నది కూడా తెలిసిపోతుంది. ఈ మార్పును గమనించేది హబ్. కంప్యూటర్ లోపలే ఒక హబ్ ఉంటుంది, మన వాచ్‌మన్ అదే. చెయ్యి వణికి ప్లగ్గు సరిగా దూరకపోవచ్చు కదా, అందుకని లినక్స్ వెంటనే తొందరపడదు. సుమారు 100 మిల్లీ సెకన్ల పాటు కదలకుండా ఉంటేనే 'నిజంగానే ఎవరో వచ్చారు' అని నమ్ముతుంది.

అప్పుడు ఆ పోర్టును రీసెట్ చేస్తుంది. రీసెట్ అయిన ఏ పరికరానికైనా చిరునామా సున్నా. గేటు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ 'కొత్తవాడే' కదా, పేరు లేదు. అందుకే ఒక బస్సు మీద ఒకసారికి ఒక్కరినే సున్నా చిరునామాతో ఉండనిస్తారు. ఇద్దరు ఒకేసారి పలికితే ఎవరి మాటా వినపడదు. (ఇక్కడ బస్సు అంటే ఆర్టీసీ బస్సు కాదు, అందరూ కలిసి వాడుకునే తీగల దారి!) తర్వాత 1 నుంచి 127 లోపు ఒక నంబరు ఇస్తారు. చిరునామాకు ఏడు బిట్లే కేటాయించారు, అందుకే ఆ 127. ఇంకో సంగతి, ఈ తతంగమంతా అయ్యే దాకా యు.ఎస్.బి. 2.0 పరికరం 100 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు తీసుకోకూడదు. అన్నీ కుదిరాక 500 దాకా అడగవచ్చు. అడ్మిషన్ పూర్తయ్యే దాకా ఒక్క గంటె అన్నమే అన్నమాట.

ఇక కాగితాలు. ప్రతి పరికరం తన గురించి చెప్పే 18 బైట్ల పత్రం ఒకటి సిద్ధంగా పెట్టుకుంటుంది. దాన్ని డివైస్ డిస్క్రిప్టర్ అంటారు. అందులో అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు నంబర్లు. మొదటిది తయారీదారు నంబరు, రెండవది వస్తువు నంబరు. ఉదాహరణకు శాన్‌డిస్క్ వారి నంబరు 0781. వాళ్ళ క్రూజర్ బ్లేడ్ అనే పెన్ డ్రైవ్ నంబరు 5567. రెండూ కలిపి 0781:5567 అని రాస్తారు. ఇవి పదహారు ఆధారంగా రాసే అంకెలు కనుక మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు కూడా తగులుతాయి, కంగారు పడకండి. ఈ పత్రం వెనకాలే ఇంకొన్ని కాగితాలు వస్తాయి. వాటిలో ఈ వస్తువులో ఎన్ని ఇంటర్‌ఫేసులు ఉన్నాయో, ఒక్కొక్కటి ఏ తరగతికి చెందినదో ఉంటుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. లినక్స్ లో డ్రైవర్ వచ్చి అంటుకునేది సాధారణంగా మొత్తం పరికరానికి కాదు, ఒక్కొక్క ఇంటర్‌ఫేసుకి. ప్రింటు, స్కాను రెండూ చేసే మిషనులో రెండు వేర్వేరు ఇంటర్‌ఫేసులు ఉంటాయి. ప్రింటు బాగా వచ్చి స్కాను రాకపోవడం అందువల్లే సాధ్యమవుతుంది.

ఈ తరగతుల ఏర్పాటు యు.ఎస్.బి.లో నాకు అన్నిటికంటే నచ్చిన తెలివి. ఎవరు తయారుచేసినా సరే, కీబోర్డు అన్నది 3వ తరగతి, ప్రింటర్ 7వ తరగతి, పెన్ డ్రైవ్ 8వ తరగతి. ఆ తరగతి పరికరాలన్నీ ఒకే భాష మాట్లాడాలని ఒప్పందం. అందుకే ఊరూ పేరూ లేని పెన్ డ్రైవ్ కూడా ఏ సీడీ అడగకుండా పనిచేస్తుంది. దానికని వేరే డ్రైవర్ లేదు, ఉన్నది ఆ తరగతి మొత్తానికి ఒక డ్రైవర్. అది పెన్ డ్రైవ్ కి 31 బైట్ల ఆజ్ఞ పంపుతుంది, తర్వాత సమాచారం అటో ఇటో వెళుతుంది, చివర పెన్ డ్రైవ్ 13 బైట్ల జవాబు ఇస్తుంది. ప్రతిసారీ ఇంతే. ఆ ఆజ్ఞ లోపల ఉండే భాష స్కజీ అని, 1980ల నాటి కంప్యూటర్ డిస్కులకు తయారుచేసింది. మీ చొక్కా జేబులోని గోరంత వస్తువు తాతల కాలం భాష మాట్లాడుతోంది.

ఒప్పందం లేని చోట ఏమవుతుందో వెబ్ కెమెరాల చరిత్ర చెబుతుంది. కెమెరాలకు ఉమ్మడి తరగతి 2003లో గాని రాలేదు. అది దుకాణాల్లోని కెమెరాల దాకా చేరడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. ఆ లోపు ఒక్కొక్క చిప్పు ఒక్కొక్క భాష. కంపెనీలు విండోస్ కి సీడీ ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. అప్పుడు ఫ్రాన్స్ లో మిషెల్ జార్డ్ అనే వైద్యుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా కాదు, తీరిక వేళల్లో కూర్చుని రెండు వందలకు పైగా రకాల కెమెరాలను లినక్స్ లో పనిచేయించాడు. కంపెనీ పత్రాలు దొరకనప్పుడు ఇలాంటివారు చేసే పని ఏమిటంటే, పనిచేస్తున్న చోట తీగ మీద పోయే సంభాషణను రికార్డు చేసి, ఏ మాటకు కెమెరా ఏం చేస్తున్నదో ఒక్కొక్కటే గుర్తుపట్టడం. ఆ పని మీద నిలిచిన కోడ్ 2008లో 2.6.27 కెర్నెల్ లోకి చేరింది. ఆ ఏడాదే ఉమ్మడి తరగతి కెమెరాల డ్రైవర్ కూడా కెర్నెల్ లోకి వచ్చింది. స్టోర్ రూములో 2005 నాటి కెమెరా ఉంటే దానికి డ్రైవర్ ఇప్పటికే కెర్నెల్లో ఉండే అవకాశం బాగా ఉంది. కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ పేరు కూడా మిగలకపోయినా సరే.

డ్రైవర్ లోపలికి ఒకసారి తొంగి చూద్దాం. సి భాష కొంచెం వచ్చిన డిప్లొమా, డిగ్రీ తమ్ముళ్ళకు ఇది కష్టం కాదు. ప్రతి యు.ఎస్.బి. డ్రైవర్ లోనూ మొదట ఒక పట్టిక ఉంటుంది. 'నేను చూసుకోగలిగిన వస్తువులు ఇవి' అని నంబర్ల జంటలు గాని, తరగతులు గాని అందులో రాసుకుంటుంది. తర్వాత రెండు ఫంక్షన్లు. ఒకటి ప్రోబ్, రెండవది డిస్‌కనెక్ట్. కొత్త వస్తువు కాగితాలు చదివాక కెర్నెల్ ఆ నంబర్లను డ్రైవర్ల పట్టికలతో సరిపోల్చుతుంది. కుదిరిన డ్రైవర్ మెమరీలో లేకపోతే డిస్కు నుంచి తెప్పిస్తారు, అప్పుడు దాని ప్రోబ్ ను పిలుస్తారు. ప్రోబ్ అంటే పరీక్షించి చూడటం. డ్రైవర్ వస్తువును పరిశీలించి 'సరే, నాదే' అని సున్నా తిరిగి ఇస్తుంది, లేదా 'నాది కాదు' అంటుంది. తీసేసినప్పుడు డిస్‌కనెక్ట్ ను పిలుస్తారు.

పరికరం తనంతట తాను ఎప్పుడూ మాట్లాడదు అన్నది మరిచిపోకండి. మీరు కీ నొక్కగానే కీబోర్డు అరిచి చెప్పదు. కంప్యూటరే కొన్ని మిల్లీ సెకన్లకొకసారి 'ఏమైనా ఉందా?' అని అడుగుతూ ఉంటుంది. రాత్రి అటెండెన్సులో సారు పేరు పిలిస్తేనే 'ప్రెజెంట్ సార్' అంటాం, అలాగ. కాకపోతే ఈ సారు సెకనుకు వందసార్లు పిలుస్తాడు. డ్రైవర్ పని ఆ అడిగే కాగితాన్ని తయారుచేసి పంపడం. దాన్ని యు.ఆర్.బి. అంటారు. పంపి తన పని తాను చూసుకుంటుంది, జవాబు వచ్చినప్పుడు కెర్నెల్ పిలుస్తుంది.

డ్రైవర్ రాసేవారిని ఏడిపించేది డిస్‌కనెక్ట్. ఎందుకంటే మనుషులు చెప్పకుండా ప్లగ్గు లాగేస్తారు. అప్పటికే పంపిన కాగితాలు దారిలో ఉంటాయి, ఏదో ప్రోగ్రాము ఆ పరికరాన్ని తెరిచి పెట్టుకుని ఉంటుంది. డ్రైవర్ తొందరపడి ఆ మెమరీని వదిలేస్తే, ఆ తర్వాత వచ్చిన జవాబు వేరొకరి మెమరీలో రాతలు రాస్తుంది. కెర్నెల్ లోపల ఇది చిన్న తప్పు కాదు, మొత్తం మిషను ఆగిపోవచ్చు. 2017లో ఆండ్రే కొనొవలోవ్ అనే పరిశోధకుడు తప్పుడు కాగితాలు చూపే దొంగ పరికరాలను సాఫ్ట్‌వేర్ తోనే సృష్టించి లినక్స్ యు.ఎస్.బి. డ్రైవర్లను పరీక్షిస్తే డజన్ల కొద్దీ లోపాలు బయటపడ్డాయి. పరికరం చెప్పింది నిజమేనని డ్రైవర్లు నమ్మేయడమే చాలావాటికి మూలం. రోడ్డు మీద దొరికిన పెన్ డ్రైవ్ తెచ్చి హాస్టల్ కంప్యూటర్ కి పెట్టవద్దని సార్లు చెప్పేది ఊరికే కాదు. పైకి పెన్ డ్రైవ్ లా ఉన్నది 'నేను కీబోర్డుని' అని కాగితం చూపిస్తే కంప్యూటర్ కి అది కీబోర్డే.

కాగితం మీది నంబరు ఎంత పని చేస్తుందో చెప్పడానికి 2014 నాటి సంఘటన కంటే మంచి ఉదాహరణ లేదు. స్కాట్లాండులో ఎఫ్.టి.డి.ఐ. అనే కంపెనీ ఉంది. యు.ఎస్.బి.ని పాత సీరియల్ పోర్టుగా మార్చే చిప్పులు చేస్తుంది. ఇంజనీరింగ్ ప్రాజెక్టు బోర్డుల్లో, ఫ్యాక్టరీ మిషన్లలో, ప్రయోగశాల పరికరాల్లో ఆ చిప్పు విరివిగా కనపడుతుంది. దాని నంబరు 0403:6001. బాగా అమ్ముడుపోయే వస్తువుకు నకిలీలు వస్తాయి కదా, దీనికీ వచ్చాయి. అవీ అదే నంబరు చూపిస్తాయి, అదే భాష మాట్లాడతాయి. 2014లో విండోస్ అప్‌డేట్ ద్వారా ఆ కంపెనీ డ్రైవర్ కొత్తది వచ్చింది. అది చిప్పు నకిలీదని పసిగడితే, దాని లోపలి వస్తువు నంబరును 0000గా మార్చేసేది. అంతటితో విండోస్ కి ఆ వస్తువు ఎవరిదో తెలియదు. చిప్పు కాలిపోలేదు, తీగ తెగలేదు, పేరు మాత్రం చెరిపేశారు. 'పనిచేయదు'.

నకిలీ చిప్పు చేసినవాడిది తప్పే. కాని హైదరాబాదు కోఠిలోనో, చెన్నై రిచీ స్ట్రీట్ లోనో ప్రాజెక్టు కోసం బోర్డు కొన్న విద్యార్థికి అందులోని చిప్పు అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? ఆ శిక్ష పడింది ఎవరికి? గోల పెద్దదయ్యాక కంపెనీ ఆ డ్రైవర్ ను వెనక్కి తీసుకుంది. లినక్స్ లో ఏం జరిగిందో చూడండి. ఆ అక్టోబరులోనే ఒకరు కెర్నెల్ లోని ఎఫ్.టి.డి.ఐ. డ్రైవర్ పట్టికలో 0403:0000 అన్న జంటను చేర్చారు. మార్పు అంతే. పేరు పోగొట్టుకున్న ఆ చిప్పులు లినక్స్ లో మళ్ళీ మామూలుగా నడిచాయి. డ్రైవర్ కోడ్ అందరి ముందూ ఉంటే జరిగేది ఇది. తలుపు మూసిన కోడ్ లో ఒక కంపెనీ మీ వస్తువు నంబరును చెరిపేయగలదు, తెరిచిన కోడ్ లో మీరు ఆ నంబరును మళ్ళీ రాసుకోగలరు.

దీనికి కెర్నెల్ ను మళ్ళీ కంపైల్ చేయనక్కరలేదు కూడా. నడుస్తున్న లినక్స్ లోనే చాలా యు.ఎస్.బి. డ్రైవర్ల ఫోల్డర్లలో 'న్యూ ఐడి' అనే ఒక ఫైలు కనపడుతుంది. రూట్ అధికారంతో అందులో రెండు నంబర్లు రాస్తే, 'ఇది కూడా నీదే అనుకుని చూడు' అని ఆ డ్రైవర్ కి చెప్పినట్టు. కంప్యూటర్ ఆపితే ఆ మాట మరిచిపోతుంది. పరీక్షించడానికి మాత్రం ఇంతకంటే సులువైన దారి లేదు.

అన్నిసార్లూ పట్టికే కారణం కాదనీ చెప్పాలి. కొన్ని వైఫై డాంగిళ్ళు, ప్రింటర్లు బుర్ర ఖాళీగా పుడతాయి. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ కంప్యూటరే వాటిలోకి ఒక ప్రోగ్రాము ఎక్కించాలి. దానినే ఫర్మ్‌వేర్ అంటారు. మన జిరాక్స్ సెంటర్లలో చాలా ఏళ్ళు కనపడిన హెచ్.పి. లేజర్‌జెట్ 1020 ఈ రకమే. కెర్నెల్ దాన్ని ప్రింటర్ గా గుర్తిస్తుంది, డ్రైవర్ అంటుకుంటుంది, అయినా కాగితం కదలదు. కావలసింది ఆ ఫర్మ్‌వేర్ ఫైలు. వైఫైలో ఆథెరాస్ ఏఆర్9271 చిప్పు ఉన్న డాంగిళ్ళకూ ఫర్మ్‌వేర్ కావాలి. కాకపోతే దాని సోర్స్ కోడ్ ను 2013లో బయటపెట్టారు. పాత డాంగిల్ కొనేటప్పుడు పెట్టె మీది కంపెనీ పేరు కంటే లోపలి చిప్పు పేరు అడగండి.

ఇంకో రకం వేషగాళ్ళు ఉన్నారు. 2010 ప్రాంతంలో చదివిన మిత్రులకు డేటా కార్డులు గుర్తుండే ఉంటాయి. తగిలించగానే అది మోడెంలా కాక సీడీ డ్రైవ్ లా కనపడేది. అందులో విండోస్ కి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉండేది. అది ఎక్కాక ఒక రహస్య సందేశం పంపితే కార్డు తన్ను తాను తీసి పెట్టుకున్నట్టు నటించి, మరో నంబరుతో మోడెంగా తిరిగి వచ్చేది. లినక్స్ వాళ్ళు సీడీ చూసి పాడైందనుకునేవారు. ఆ సందేశాన్ని పంపడానికే యు.ఎస్.బి. మోడ్ స్విచ్ అనే చిన్న ప్రోగ్రాము పుట్టింది. హువావే కార్డులైతే మొదటి నంబరు 12డి1 అలాగే ఉండి, రెండవది మారడం కళ్ళారా చూడవచ్చు.

చూడటం ఎలా? టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, యు, ఎస్, బి అనే ఐదు అక్షరాలు చిన్నబడిలో కలిపి కొట్టండి. తగిలించి ఉన్న పరికరాలన్నీ నంబర్లతో వస్తాయి. తర్వాత డి, ఎం, ఇ, ఎస్, జి అని కొట్టండి. కొన్ని లినక్సులలో దీనికి ముందు సుడో పెట్టాలి. ఇది కెర్నెల్ డైరీ. పరికరం తీసి, మళ్ళీ పెట్టి, ఆ డైరీలో చివరి పది లైన్లు చదవండి. ఏమీ రాకపోతే కెర్నెల్ కి ఎవరూ వచ్చినట్టే తెలియలేదు, అంటే తీగ, సాకెట్టు, లేదా పరికరమే పోయింది. వేరే తీగ, వేరే పోర్టు చూడండి. పరికరం డిస్క్రిప్టర్ చదవలేకపోయానని రాస్తే గేటు దాకా వచ్చి కాగితాలు చూపలేకపోయింది. కరెంటు చాలకపోవడమో, తీగ నాణ్యతో కారణం కావచ్చు. నంబర్లు చక్కగా వచ్చి ఆ తర్వాత నిశ్శబ్దంగా ఉంటే, అక్కడే ఆశ ఉంది. వస్తువు బతికే ఉంది, దాన్ని పిలిచే డ్రైవర్ దొరకలేదు. ఆ రెండు నంబర్లను కాగితం మీద రాసుకుని ఇంటర్నెట్లో వెతికితే అదే చిప్పుతో ఇంకెవరో కుస్తీ పట్టిన సంగతి చాలాసార్లు దొరుకుతుంది. ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని రాస్తే ఆ ఫైలు పేరు కూడా అక్కడే ఉంటుంది.

పట్టికలో ఒక జంట చేరిస్తే మీ వస్తువు పనిచేసిందనుకోండి. ఆ ఒక్క లైనును అసలు కెర్నెల్ కి పంపవచ్చు. మార్పును ప్యాచ్ గా తయారుచేసి, ఏ వస్తువు, ఎలా పరీక్షించారు అన్నది నాలుగు వాక్యాల్లో రాసి, మీరెవరో తెలిసే పేరుతో సంతకం లైను పెట్టి, ఆ డ్రైవర్ ను చూసుకునేవారికి ఈమెయిల్ చేయాలి. మార్కుల జాబితా ఎవరూ అడగరు. తప్పులుంటే మాత్రం మొహమాటం లేకుండా చెబుతారు, సరిదిద్ది మళ్ళీ పంపాలి. ఇప్పటికే జనం వాడుతున్న స్థిర కెర్నెళ్ళలోకి సాధారణంగా లోపాల సవరణలు తప్ప కొత్తవేవీ రానివ్వరు. కాని కొత్త పరికరం నంబరు చేర్చడానికి ఆ నియమాల్లోనే ప్రత్యేకంగా అనుమతి రాసి పెట్టారు. అంటే మీ లైను వచ్చే ఏడాది దాకా ఆగదు.

మొదట చదవడానికి కెర్నెల్ సోర్స్ లో యు.ఎస్.బి. స్కెలిటన్ అనే ఫైలు ఉంది. పేరుకు తగ్గట్టు అస్థిపంజరమే. పట్టిక, ప్రోబ్, డిస్‌కనెక్ట్, చదవడం, రాయడం అన్నీ ఉంటాయి, మాంసం మనం పెట్టుకోవాలి. ఫోన్ లో కూడా తెరిచి చదవవచ్చు. లినక్స్ డివైస్ డ్రైవర్స్ అనే పుస్తకం మూడవ కూర్పు 2005లో వచ్చింది, ఉచితంగా దొరుకుతుంది. పాతబడింది కనుక అందులోని ఫంక్షన్ల పేర్లు కొన్ని ఇప్పుడు కుదరవు. ఆలోచన కోసం దాన్ని, వివరాల కోసం స్కెలిటన్ ఫైలును పెట్టుకోండి.

ప్రయోగాలు మాత్రం అందరూ స్టడీ అవర్ లో వాడే కంప్యూటర్ మీద చేయకండి. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే ఆగిపోతుంది, డ్రైవర్ తప్పు చేస్తే మిషను మొత్తం బిగుసుకుపోతుంది, పక్కవాడి ప్రాజెక్టు రిపోర్టుతో సహా. వార్డెన్ సారుని అడిగి, ఎవరూ వాడని పాత మిషను ఒకటి విడిగా పెట్టుకుని అందులో లినక్స్ వేసుకోండి. నంబర్లు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం పక్కన పెట్టండి. వచ్చే బ్యాచ్ వాళ్ళకి కూడా అక్కరకొస్తుంది.